‘ఉచిత’ సాఫ్ట్‌వేర్ అనడంలో ఔచిత్యం ఎంత?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయిన నేపథ్యంలో, పాత కంప్యూటర్లు ఉన్నవారు ఏం చేయాలో చెబుతూ మీ పత్రిక సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కొత్త కంప్యూటరు కొనుక్కోవడమే ఉత్తమమని సలహా ఇచ్చి, అడుగున చిన్న బాక్సులో, విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి గానీ ఉచితంగా వచ్చేవాటితో జాగ్రత్తగా ఉండాలని ఒక వాక్యం చేర్చారు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే. ఒకే వాక్యంలో రెండుసార్లు పడిన ‘ఉచిత’ అన్న మాట వల్ల, చెప్పవలసిన వార్త అంతా మరుగున పడిపోయిందని నా అభిప్రాయం.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ దుకాణం నడుపుకుంటున్నవాణ్ణి. మా ఊరి పొలిమేర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. పొద్దున్న దుకాణం తలుపు తీసిన దగ్గర్నుంచి ఒకరు ఒడియాలో దరఖాస్తు రాయించుకోవడానికి, ఒకరు తెలుగులో శుభలేఖ వేయించుకోవడానికి, మరొకరు ఇంగ్లీషులో అఫిడవిట్ కొట్టించుకోవడానికి వస్తూనే ఉంటారు. కొండల మీది నుంచి సవర విద్యార్థులూ వస్తారు. ఇన్ని లిపుల మధ్య బతికేవాడికి సాఫ్ట్‌వేర్ అంటే విలాసం కాదు, రోజుకూలి. అందుకే దాని గురించి పత్రికల్లో వచ్చే మాటలను కొంచెం పట్టి పట్టి చదువుతాను.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న పదానికి డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చేదనీ, కట్టుబాటు లేనిదనీ రెండర్థాలున్నాయి. ఈ ఇరుకు వల్లనే రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు, 1983లో కట్టుబాట్లు లేని సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన నాటి నుంచి, తాను చెప్పే ‘ఫ్రీ’ సభలో స్వేచ్ఛగా మాట్లాడే హక్కు లాంటిదే గానీ ఊరికే పోసే బీరు లాంటిది కాదని విడమరచి చెప్పుకోవలసి వస్తూనే ఉంది. మనకు ఆ అవస్థ లేదు. ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు, రెండూ చిన్నపిల్లలకు సైతం తెలిసిన మాటలు. హైదరాబాదు కేంద్రంగా ఈ రంగంలో పనిచేస్తున్న సంస్థ తన పేరే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది. అంత చక్కటి మాట చేతిలో ఉండగా, ఇంగ్లీషువాళ్ల ఇబ్బందిని అరువు తెచ్చుకుని ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అని రాయడం ఎందుకు? ‘ఉచితం’ అంటే సంస్కృతంలో ‘తగినది’ అని అర్థం. ఆ లెక్కన చూసినా ఈ వాడుకలో ఔచిత్యం కనిపించదు.

స్టాల్‌మన్‌కు ఈ ఆలోచన రావడానికి కారణం ఒక ప్రింటరు అని తెలిసినప్పుడు, అదే జబ్బుతో రోజూ వేగేవాణ్ణి కాబట్టి నాకు ఆయన మీద ఇంటివాడి మీద ఉన్నంత అభిమానం కలిగింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆయన పనిచేసే ప్రయోగశాలలో అప్పటికే ఉన్న ప్రింటరుకు కాగితం ఇరుక్కుపోతే, అచ్చు కోసం ఎదురుచూస్తున్న వారందరికీ కంప్యూటరులోనే కబురు అందేలా ఆయన ప్రోగ్రామును సవరించి పెట్టుకున్నారు. 1980 ప్రాంతంలో జిరాక్స్ కంపెనీ ఇచ్చిన కొత్త లేజరు ప్రింటరు వచ్చింది. అది వేగంగానే అచ్చు వేసేది గానీ, దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, ఇవ్వలేదు కాబట్టి అలాంటి సవరణకు వీల్లేకపోయింది. ఆ కోడ్ ఉన్న మరో విశ్వవిద్యాలయంలోని వ్యక్తిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానని ఆయన అన్నారు. కాగితం ఇరుక్కోవడం ఎవరి తప్పూ కాదు. మన సొంత యంత్రాన్ని మనం బాగు చేసుకోవడానికి మరొకరి సంతకం అడ్డు రావడమే ఆయనను బాధపెట్టింది. ప్రోగ్రామును ఏ పనికైనా నడుపుకోవడం, లోపల ఎలా ఉందో విప్పి చూసి మార్చుకోవడం, ప్రతిని పంచుకోవడం, మార్చినదాన్ని సైతం పంచుకోవడం అనే నాలుగు హక్కులను ఆయన స్వేచ్ఛగా నిర్వచించారు. ఈ నాలుగింటిలో ఎక్కడా ధర ప్రసక్తి లేదన్నది గమనించాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను డబ్బుకు అమ్ముకోవచ్చు, అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇటు ఫోనులో ఊరికే దిగే యాప్ పూర్తిగా ఉచితమే కావచ్చు, స్వేచ్ఛ మాత్రం చెంచాడు కూడా ఉండకపోవచ్చు.

ఈ తేడా నాకు తెలిసి వచ్చింది పుస్తకాలు చదివి కాదు. కొన్నేళ్ల క్రితం మా ఊరి పంతులుగారొకరు, తమ తండ్రిగారు రాసిన స్థలపురాణాన్ని మళ్లీ అచ్చు వేయించాలని వచ్చారు. మొదటి ముద్రణ నా దుకాణంలోనే జరిగింది, ఫైలు నా దగ్గర పదిలంగా ఉంది. తీరా తెరిచి చూస్తే, తెర నిండా డాలరు గుర్తులూ, కొక్కేలూ, ఫ్రెంచి అక్షరాలూ. పంతులుగారు కళ్లద్దాలు పైకి నెట్టుకుని, “ఏం బాబూ, మా నాన్నగారు ఇంత కఠినంగా రాశారా?” అన్నారు. కారణం ఇదీ: ఆ రోజుల్లో మేము వాడిన తెలుగు సాఫ్ట్‌వేర్, ఇంగ్లీషు అక్షరాల గడుల్లో మన తలకట్లను, ఒత్తులను, కొమ్ములను ముక్కలు ముక్కలుగా దాచేది. ఆ ముక్కలను ఏ గడిలో దాచిందో ఆ సాఫ్ట్‌వేర్‌కే తెలుసు. అది నడవాలంటే కంప్యూటరు వెనక గుచ్చే డాంగిల్ అనే అనుమతి బిళ్ల ఉండాలి. డాంగిల్ చెడిపోయింది, అమ్మినవారు వ్యాపారం మానుకున్నారు, కొత్త కంప్యూటరుకు అసలు ఆ డాంగిల్ గుచ్చే రంధ్రమే లేదు. డబ్బు పెట్టి కొన్నదే, రసీదు కూడా ఉంది. అక్షరాలు నావి, కష్టం నాది, తాళంచెవి మాత్రం ఎవరిదో. చివరికి ఎవరో ఔత్సాహికులు రాసి, అందరికీ విప్పి పెట్టిన మార్పిడి ప్రోగ్రాము ఒకటి దొరికితే, దాని పట్టికలో నా ఫాంటుకు సరిపోని గడులను రెండు రాత్రులు కూర్చుని సరిచేసుకుని, పుస్తకాన్ని అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే యూనికోడ్ పద్ధతిలోకి తెచ్చాను. దాని కోడ్ కూడా మూసి ఉండి ఉంటే, అది ఎంత ఉచితంగా దొరికినా నాకు గవ్వకు కొరగాకపోయేది.

మా ప్రాంతం వారికి ఈ సంగతి రైలు భాషలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. పర్లాకిమిడి మహారాజావారు వేయించిన నౌపడ–పర్లాకిమిడి లైటు రైల్వే 1900లో మొదలైంది, తరువాత గుణుపురం దాకా సాగింది. అది రెండున్నర అడుగుల నేరోగేజి. మద్రాసు–హౌరా ప్రధాన మార్గం బ్రాడ్‌గేజి. నౌపడ చేరేసరికి మనుషులు దిగాలి, మూటలు దించాలి, బియ్యం బస్తాలు ఒక బండి నుంచి ఇంకో బండికి మోయాలి. మా చిన్న రైలు ముచ్చటైనదే, దానిలో తప్పేమీ లేదు. కానీ దాని పెట్టె ఆ పట్టాల మీద తప్ప వేరే చోట కదలదు. 2011లో బ్రాడ్‌గేజి వచ్చాక ఆ మోత తప్పింది. పాత తెలుగు ఫాంట్లన్నీ అలాంటి నేరోగేజిలే. 2000 తరువాత కొన్నేళ్లపాటు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో గేజి వేసుకున్న సంగతి మీకు తెలియనిది కాదు. ఆ పత్రిక చదవాలంటే ఆ ఫాంటే దింపుకోవాలి. అప్పట్లో వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే పొడిగింపును (ఎక్స్‌టెన్షన్) తయారుచేసి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఆ వార్తలన్నీ యూనికోడ్‌లో కనిపించేలా చేశారు. అది కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలవడం వెనక ఉన్నదీ ఆయనే. ఇలాంటి మనుషుల గురించి మన సాంకేతిక పేజీల్లో నాలుగు వాక్యాలు పడి ఎన్నాళ్లయిందో దయచేసి మీ పాత సంచికలు తిరగేసి చూడండి.

యూనికోడ్ వచ్చినంత మాత్రాన అంతా అయిపోలేదు. యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇస్తుంది, అంతే. ‘స్త్రీ’ అన్నప్పుడు స కింద త ఒత్తు, దాని పక్కన ర ఒత్తు, పైన గుడిదీర్ఘం ఎక్కడెక్కడ కూర్చోవాలో చూసుకునే మేస్త్రీ మరొకరు కావాలి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ వంటి చోట్ల ఆ పని చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ విప్పి పెట్టిన, ప్రోగ్రాము. దాన్ని ప్రధానంగా రాసినవారు బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరాన్ దేశస్థుడు. హార్ఫ్‌బజ్ అన్న పేరుకు పారసీకంలో ‘తెరిచిన అక్షరం’ అని అర్థం. తెలుగు దినపత్రికను ఆండ్రాయిడ్ ఫోనులో చదివే పాఠకుడు రోజూ ఎన్నివేల ఒత్తులకు ఆయనకు రుణపడుతున్నాడో లెక్క కట్టినవారు లేరు.

ఈ మేస్త్రీపని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం, ఈ వరుసలో ఉన్న ఒక్క తెలుగు అక్షరం సందేశంగా వస్తే చాలు, ఐఫోనులో ఆ యాప్ కుప్పకూలిపోయేది. ‘జ్ఞా’ అనగానే స్పృహ తప్పడం చూసి, జ్ఞానం అందరికీ అరగదని మా దుకాణంలో నవ్వుకున్నాం. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. త్వరగానే సరిదిద్దిందని ఒప్పుకోవాలి. కానీ అప్పటిదాకా తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు బయట నిలబడి ఊహాగానాలు చేయడం తప్ప, లోపలికి వెళ్లి చూడడానికి వీల్లేదు, ఎందుకంటే అక్షరాలను పేర్చే ఆ కోడ్ మూసి ఉంది. తమ భాష అక్షరం ఎందుకు పేలుతోందో ఆ భాషవారే చూడలేకపోవడం ఆ వార్తలోని అసలు విశేషం. దాన్ని వింతవార్తగా మాత్రమే చదివి వదిలేశాం.

ఇక జాగ్రత్త సంగతి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ప్రమాదాలు లేవని నేను వాదించడం లేదు. మీ వ్యాసకర్త నిజంగా జాగ్రత్త చెప్పదలచుకుంటే, చెప్పడానికి ఎంతో పసందైన కథ ఉంది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న పరికరం, లినక్స్ యంత్రాలన్నిటిలోనూ దాదాపుగా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ఒంటి చేత్తో నిర్వహిస్తూ వచ్చినవారు లాస్సె కొలిన్ అనే ఫిన్లాండు ప్రోగ్రామరు, అదీ జీతం లేని పని. ఆయన అలసిపోయిన సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒక అపరిచితుడు సాయానికి వచ్చాడు. రెండేళ్లకు పైగా ఓపికగా, మర్యాదగా, నిజంగానే పనికొచ్చే సవరణలు పంపాడు. గుడిలో రోజూ వచ్చి దీపం పెట్టి, ప్రాంగణం ఊడ్చి, అర్చకుల మన్నన పొంది, చివరికి హుండీ తాళాలు చేజిక్కించుకున్న మనిషిలాగా, విడుదల చేసే అధికారం చేతికి వచ్చాక 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక దొడ్డిదారి పెట్టాడు. అది కూడా కోడ్‌లో బాహాటంగా కాదు, పరీక్ష కోసం ఉంచిన ఫైళ్లలో దాచి పెట్టాడు. అది అన్ని సర్వర్లకూ చేరి ఉంటే, దాని రహస్య తాళంచెవి ఉన్నవాడు లోకంలోని లెక్కలేనన్ని యంత్రాల్లోకి దర్జాగా నడిచి వెళ్లేవాడు.

దాన్ని పట్టుకున్నది పోలీసులూ కాదు, భద్రతా సంస్థలూ కాదు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయెండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఇంజినీరు, తన పని తాను చేసుకుంటూ, దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి ఎప్పుడూ పట్టే 0.3 సెకను బదులు 0.8 సెకను పడుతోందని గమనించారు. అర సెకను తేడా! మా ఊళ్లో రిజర్వేషను కౌంటరు దగ్గర అర గంట ఆలస్యమైనా ఎవరూ కారణం అడగరు. ఆయన అడిగారు, అడగడమే కాదు, కోడ్ చేతిలో ఉంది కాబట్టి పొర తరువాత పొర విప్పుకుంటూ పోయి, దొడ్డిదారిని కనిపెట్టి, 2024 మార్చి 29న అందరికీ చాటారు. అప్పటికి అది ప్రధానంగా డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ రకాల ప్రయోగదశ ప్రతుల దాకానే వెళ్లింది. ఇందులో అదృష్టం పాలు ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ విప్పి చూసే వీలు లేకపోతే, అర సెకను ఆలస్యాన్ని గమనించినవాడు కూడా యంత్రం పాతబడిందని సరిపెట్టుకుని ఊరుకునేవాడు. లోకం బరువు మోసే పనిని ఒక్క మనిషి అలసట మీద వదిలేయడమే ఇందులో అసలు ప్రమాదం. ఆ పని డబ్బు పుచ్చుకోకుండా దొరుకుతోంది కదా అని వాడుకుంటున్న పెద్ద కంపెనీలు దాని మంచిచెడ్డలు చూసుకోకపోవడమే దానికి కారణం. 2014లో ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడూ ఇదే మాట అనుకున్నారు. మన దేశంలో షేర్ల లావాదేవీలు నడిపే జెరోధా సంస్థ 2024లో ఏడాదికి పది లక్షల డాలర్ల చొప్పున ఇలాంటి ప్రాజెక్టులకు నిధి ప్రకటించడం చెప్పుకోదగ్గ మంచి కబురు, అది కూడా నేను తెలుగు పత్రికలో చదివింది కాదు.

లినక్స్ అంటే ఏదో కుర్రకారు సరదా అన్న ధ్వని మీ వ్యాసంలో వినిపించింది. నిజానికి అది సరదాగానే మొదలైంది. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి, ఇది కేవలం కాలక్షేపానికి చేస్తున్నదని, పెద్దదేమీ కాదని చెప్పుకుంటూనే దాన్ని ప్రకటించాడు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. మీ సాంకేతిక పేజీలో సగభాగం ఆక్రమించే ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ ఆ లినక్స్ కెర్నలే, అంటే దాని మూలభాగమే. అంటే, జాగ్రత్తగా ఉండమని మీరు చెప్పిన ఆ వస్తువును, దాని పైనే ఉన్న ప్రకటనలో పండుగ తగ్గింపుతో కొనుక్కోమంటున్నారు.

నా సొంత అనుభవం మంచీ చెడూ కలిసినది, అలాగే చెబుతాను. నా దుకాణంలో ఐదు కంప్యూటర్లున్నాయి. వాటిలో మూడు విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేనివి. మీ సలహా ప్రకారం వాటిని పాత ఇనుము బండికి వేయాలి. రెండింటిలో లినక్స్ మింట్ అనే లినక్స్ రకం వేశాను. లిబ్రెఆఫీస్‌లో దరఖాస్తులు, శుభలేఖలకు పేజీలు పేర్చే స్క్రైబస్ వాడుతున్నాం. ఈ స్క్రైబస్‌లో చాలాకాలం మన ఒత్తులు విడివిడిగా పడేవి, హార్ఫ్‌బజ్‌ను దానిలో కలుపుకున్నాకే మనకు పనికొచ్చింది. సిలికానాంధ్ర వారు స్వేచ్ఛగా వాడుకోవడానికి విడుదల చేసిన తెలుగు ఫాంట్లు శుభలేఖల మీద కళకళలాడుతున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్న మా కుర్రవాడు తెలుగు ‘క’ కొట్టిన మీటతోనే ఒడియా ‘క’ కొడుతున్నాడు, రెండు భాషలకూ వేళ్ల లెక్క ఒక్కటే. మూడో కంప్యూటరులో మాత్రం పాత విండోసే ఉంచక తప్పలేదు, ఎందుకంటే పింఛను పనులకు వాడే వేలిముద్ర యంత్రం లినక్స్ మీద నడవదు. దాని తయారీదారు లినక్స్‌లో దాన్ని నడిపే ప్రోగ్రాము (డ్రైవరు) ఇవ్వరు, కోడ్ చూపరు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇస్తామని కేంద్ర ప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది కాబట్టి, ప్రజాసేవలకు వాడే పరికరాలకు ఈ నియమం ఎందుకు వర్తించదని మీ విలేకరులు ఒకసారి అడిగితే బాగుంటుంది.

మరొక్క విషయం, మా ఊరికి సంబంధించినది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, ఎవరూ అడగకుండానే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అందులో లాభం లేదు కాబట్టి ఏ ముద్రణ సంస్థా తనంత తాను ఆ పని చేసి ఉండేది కాదు. 1936లో మంగేయి గొమాంగో సవరలకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపిని రూపొందించారు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. ఇవాళ గూగుల్ వారి నోటో ఫాంట్ల వరుసలో దానికి స్వేచ్ఛా ఫాంటు ఉంది. మొన్న ఒక సవర విద్యార్థిని తన పేరును ఆ లిపిలో నా లినక్స్ యంత్రం మీద అచ్చు వేయించుకుని, కాగితాన్ని మడవకుండా పుస్తకం మధ్యలో పెట్టుకుని తీసుకువెళ్లింది. కొనేవాళ్లు కొద్దిమందే ఉన్న లిపికి ఫాంటు అమ్మి ఎవరూ బాగుపడరు. అలాంటి చోట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తప్ప వేరే ఆధారం లేదు.

కాబట్టి నా మనవి ఇది. మీ సాంకేతిక పేజీలో ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అన్న చోట ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అని రాయండి. ధర లేదన్నదే వార్త అయినప్పుడు నిక్షేపంగా ‘ఉచితం’ అనవచ్చు. ఫోన్ల తగ్గింపు ధరల పట్టికలో ఒక్క గడి తగ్గించి, వారానికి ఒకసారైనా ఆ స్థలంలో ఎక్స్‌జెడ్ వంటి కథ ఒకటి వేయండి. పాఠకులు అపరాధ పరిశోధన సీరియల్ కంటే ఆత్రంగా చదువుతారు. ఈ ఉత్తరాన్ని లినక్స్ యంత్రం మీద యూనికోడ్‌లో టైపు చేసి పంపుతున్నాను. మీ కార్యాలయంలో అచ్చు కోసం దీన్ని ఏదైనా పాత ఫాంటులోకి మార్చవలసి వస్తే, ‘జ్ఞా’ ఉన్న పంక్తులను ఒకటికి రెండుసార్లు ప్రూఫు చూడమని మీ సిబ్బందికి చెప్పగలరు.

భవదీయుడు,
ఒక డీటీపీ దుకాణదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.